మీడియా చట్టం ముసాయిదాపై మీ అభిప్రాయం ఎలా పంపాలి

2023 నవంబర్ 10న కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఒక ముసాయిదా బిల్లును తన వెబ్‌సైట్‌లో పెట్టింది. పేరు ప్రసార సేవల నియంత్రణ బిల్లు. 1995 నాటి కేబుల్ టీవీ చట్టాన్ని తీసేసి దీన్ని తేవాలన్నది ఆలోచన. మొత్తం 48 సెక్షన్లు, 3 షెడ్యూళ్లు. అందులో 20వ క్లాజు (బిల్లు దశలో సెక్షన్‌ను క్లాజు అంటారు) చదివితే, టీవీ చానెళ్లకే కాదు, వెబ్‌సైట్‌లోనో సోషల్ మీడియాలోనో వృత్తిగా, వ్యాపారంగా వార్తా కార్యక్రమాలు ఇచ్చే ఎవరికైనా ప్రభుత్వం రాసే ప్రోగ్రామ్ కోడ్, అంటే కార్యక్రమాల్లో ఏముండొచ్చో ఏముండకూడదో చెప్పే నియమావళి, వర్తిస్తుందని ఉంది. అంటే మండల కేంద్రంలో గది అద్దెకు తీసుకుని, ఫోనూ ట్రైపాడూ పెట్టుకుని యూట్యూబ్‌లో స్థానిక వార్తలు చెప్పే కుర్రాడు కూడా అందులోకి వస్తాడు. అభిప్రాయాలకు 30 రోజులు గడువిచ్చారు, తర్వాత 2024 జనవరి 10 దాకా పొడిగించారు.

పెద్ద చానెళ్లకు, ఓటీటీ కంపెనీలకు ఇలాంటి ముసాయిదా రాగానే చదివి పెట్టే లాయర్లు ఉంటారు. ఆ కుర్రాడికి ఎవరున్నారు? ఈ వ్యాసం అతని కోసం, పత్రికలకూ చానెళ్లకూ ఊళ్ల నుంచి వార్తలు పంపే స్ట్రింగర్ల కోసం, కేబుల్ ఆపరేటర్ల కోసం, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ల కోసం, వార్త నిజమా కాదా అని పట్టించుకునే పాఠకుల కోసం. అభిప్రాయం పంపడానికి లా డిగ్రీ అక్కర్లేదు. మీ పని గురించి మీకు తెలిసినంత, ముసాయిదా రాసిన అధికారికి తెలియదు. ఆ తెలిసిన విషయాన్ని సరైన క్లాజు నంబరు పక్కన, గడువు తేదీ లోపల పెట్టడమే మీరు చేయాల్సిన పని.

ముందు అది ఏ దశలో ఉందో తేల్చుకోండి

"మీడియా మీద కొత్త చట్టం వస్తోందట" అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తుంది. అందరం కంగారు పడతాం. ముందు చూడాల్సింది అది బిల్లు ముసాయిదానా, పాత చట్టం కింద తెచ్చే నిబంధనల ముసాయిదానా, టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ వేసే చర్చాపత్రమా, లేక పార్లమెంటులో పెట్టేసిన బిల్లా అని. ఒక్కోదానికి తలుపు ఒక్కో చోట ఉంటుంది.

బిల్లు గానీ నిబంధనలు గానీ తెచ్చే ముందు కేంద్ర మంత్రిత్వ శాఖలు ఏం చేయాలో 2014లో ఒక విధానం తెచ్చారు. చట్టానికి ముందు ప్రజలతో సంప్రదింపుల విధానం అంటారు. దాని ప్రకారం ముసాయిదా కనీసం 30 రోజులు జనం ముందు ఉండాలి. ఎందుకు తెస్తున్నారో, ఖర్చెంతో, ప్రాథమిక హక్కుల మీద, జీవనోపాధి మీద ప్రభావం ఏమిటో చెప్పాలి. ముఖ్యమైన అంశాలను మామూలు భాషలో వివరించాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇది విధానం మాత్రమే, చట్టం కాదు. దీన్ని పాటించలేదన్న కారణం ఒక్కటే చూపి చట్టాన్ని కొట్టేయించగలమని ఆశపడొద్దు. అయినా ఈ విధానాన్ని గుర్తుపెట్టుకోండి, మీరు రాసే ప్రతి ఉత్తరంలోనూ పనికొస్తుంది.

ట్రాయ్ సంగతి వేరు. పారదర్శకంగా పనిచేయాలని దాని చట్టంలోనే, 11వ సెక్షన్‌లో రాసి ఉంది. అందుకే అక్కడ పద్ధతి బాగుంటుంది. ప్రశ్నలతో చర్చాపత్రం వేస్తారు, అభిప్రాయాలు తీసుకుంటారు, వాటిని వెబ్‌సైట్‌లో పెడతారు, ఒకరి అభిప్రాయం మీద ఇంకొకరు వాదన పంపడానికి మళ్లీ గడువిస్తారు, ఆ తర్వాత బహిరంగ చర్చ పెడతారు. 2019లో మన కేబుల్ బిల్లుల్లోకి వచ్చిన 130 రూపాయల నెట్‌వర్క్ చార్జీ ఇలాంటి కసరత్తులోంచి పుట్టిందే. కేబుల్ ఆపరేటర్లు ట్రాయ్ పేజీని వారానికోసారి చూడడం అలవాటు చేసుకోవాలి.

ముసాయిదా ఎక్కడ వెతకాలి

సమాచార, ప్రసార శాఖ, ఎలక్ట్రానిక్స్ ఐటీ శాఖ, ట్రాయ్. మీడియాకు సంబంధించి ఎక్కువ భాగం ఈ మూడు వెబ్‌సైట్లలోనే వస్తాయి. జనం అభిప్రాయాలు తీసుకోవడానికి ప్రభుత్వం నడిపే మైగవ్ పోర్టల్‌లో కొన్ని, ఈ-గెజిట్‌లో కొన్ని. కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు విడుదల చేసే సంస్థ పీఐబీ. దాని హైదరాబాద్ కార్యాలయం తెలుగులో ప్రకటనలు ఇస్తుంది కాబట్టి విషయం తెలియడానికి అది సులువైన దారి. అయితే ప్రకటన చదివి ఆగిపోకండి. ప్రకటనలో ప్రభుత్వం చెప్పదలచుకున్నదే ఉంటుంది. అసలు పీడీఎఫ్ దించుకోండి, అది ఏ రోజు దించుకున్నారో ఫైల్ పేరులో రాసుకోండి.

ఆ తేదీ ఎందుకంటే, ముసాయిదా మధ్యలో మారిపోవచ్చు. 2023 జనవరి 2న ఐటీ నిబంధనల్లో ఆన్‌లైన్ గేమింగ్ గురించి ఒక సవరణ ముసాయిదా పెట్టారు. అభిప్రాయాలకు గడువు జనవరి 17. సరిగ్గా ఆ 17వ తేదీనే కొత్త ప్రతి పెట్టారు. పీఐబీ ఏ వార్తను ఫేక్ అంటే దాన్ని సోషల్ మీడియా సంస్థలు ఉంచకూడదన్న క్లాజు అందులో వచ్చి చేరింది. గేమింగ్ ముసాయిదా మనకెందుకులే అని వదిలేసిన విలేకరులకు అది పెద్ద దెబ్బే. తర్వాత గడువు పెంచారు, ఏప్రిల్‌లో కొంచెం మార్చి ఫ్యాక్ట్ చెక్ యూనిట్ పేరుతో నోటిఫై చేశారు, 2024 సెప్టెంబర్‌లో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి మీ అభిప్రాయం పంపే రోజు పొద్దున ఇంకోసారి వెబ్‌సైట్ తెరిచి, మీ దగ్గరున్న ప్రతీ అక్కడున్న ప్రతీ ఒకటేనా అని చూసుకోండి.

ఒక్కోసారి ముసాయిదా బయటికే రాదు. 2024 జూలైలో ప్రసార బిల్లు సవరించిన ప్రతిని ఎంపిక చేసిన కొందరికే, ఎవరి ప్రతి ఎవరిదో తెలిసేలా వాటర్‌మార్క్ వేసి ఇచ్చారని పత్రికలు రాశాయి. డిజిటల్ మీడియా వాళ్లు, సంఘాలు గట్టిగా అడిగాయి. ఆగస్టు 12న మంత్రిత్వ శాఖ అభిప్రాయాలకు అక్టోబర్ 15 దాకా సమయం ఇస్తున్నామని, విస్తృతంగా సంప్రదించాక కొత్త ముసాయిదా ప్రచురిస్తామని చెప్పింది. అడిగితే కదులుతుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? అలాంటి పరిస్థితి వస్తే శాఖ కార్యదర్శికి నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. 2014 విధానాన్ని ప్రస్తావించి, ముసాయిదాను అందరికీ ప్రచురించాలని, ఆ రోజు నుంచి 30 రోజులు ఇవ్వాలని కోరండి. గడువు తక్కువగా ఇచ్చినప్పుడు కూడా ఇదే ఉత్తరం పనిచేస్తుంది.

ఎలా చదవాలి

మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకే ఊపులో చదవాలని కూర్చుంటే పదో పేజీలో విసుగొచ్చి మూసేస్తారు. నిర్వచనాల సెక్షన్‌తో మొదలుపెట్టండి. "ప్రసారం", "వార్తలు, వర్తమాన వ్యవహారాలు", "వ్యక్తి" లాంటి మాటలకు అక్కడ ఇచ్చిన అర్థాన్ని బట్టే మీరు లోపలున్నారో బయటున్నారో తేలుతుంది. ఆ తర్వాత శిక్షలు, జరిమానాలు. ఆ తర్వాత ఎవరికి ఏ అధికారం ఇచ్చారన్నది. ఈ మూడూ అయ్యాక మిగతాది చదవండి, అప్పుడు గబగబా అర్థమవుతుంది.

చదువుతున్నప్పుడు "నిర్దేశించిన విధంగా" అన్న మాట ఎక్కడ కనిపించినా పెన్సిల్‌తో గీత గీయండి. దాని అర్థం, ఆ సంగతి ఇప్పుడు చెప్పం, చట్టం అయ్యాక నిబంధనల్లో మేమే రాసుకుంటాం అని. ప్రసార బిల్లులో ప్రోగ్రామ్ కోడ్ పాటించాలన్నారు కానీ ఆ కోడ్ ఏమిటో ముసాయిదాలో లేదు. ప్రతి ప్రసార సంస్థా ఒక కంటెంట్ మదింపు కమిటీ పెట్టుకుని, ఆ కమిటీ సరేనన్నవే ప్రసారం చేయాలన్నారు. ఆ కమిటీలో ఎంతమంది ఉండాలో తర్వాత చెబుతామన్నారు. ముగ్గురు మనుషులతో నడిచే చానెల్‌కు కమిటీలో ఆరుగురు కావాలంటే ఏం చేస్తారు? నన్నడిగితే ఇలాంటి ఖాళీలే అన్నిటికంటే ప్రమాదం. శిక్ష కళ్లకు కనిపిస్తుంది, ఖాళీ కనిపించదు.

ముసాయిదాలో లేనిదాన్ని కూడా వెతకాలి. ఇది కాస్త కష్టం, కానీ విలువైన పని. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కథ చూడండి. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలోనూ, 2019 బిల్లులోనూ పాత్రికేయ పనికి మినహాయింపు ఉండేది. 2022 నవంబర్‌లో వచ్చిన ముసాయిదాలో అది మాయమైంది. 2023లో పాసైన చట్టంలోనూ లేదు. కొత్త ముసాయిదా ఒక్కటే చదివినవాళ్లకు ఏం పోయిందో తెలిసే అవకాశమే లేదు. అందుకే పాత చట్టాన్ని, వెనకటి ముసాయిదాను పక్కన పెట్టుకుని పోల్చండి. ఇద్దరు కూర్చుని ఒకరు పాతది, ఒకరు కొత్తది చదువుకుంటూ పోతే ఒక సాయంత్రంలో అయిపోతుంది. ప్రెస్‌క్లబ్‌లో నలుగురు చేరి చేస్తే మరీ మంచిది.

రాయడం

ఇక్కడే ఎక్కువమంది శ్రమ వృథా అవుతుంది. కోపంతో రాస్తాం. "ఈ బిల్లు పత్రికా స్వేచ్ఛకు గొడ్డలిపెట్టు, వెంటనే ఉపసంహరించుకోవాలి" అని రాస్తాం. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ దాన్ని చదివే అధికారి దగ్గర ఒక పట్టిక ఉంటుంది. క్లాజు నంబరు, వచ్చిన అభ్యంతరం, కోరిన మార్పు, శాఖ జవాబు. మీ వాక్యం ఆ పట్టికలో ఏ గడిలోనూ ఇమడదు. "కొందరు బిల్లును వ్యతిరేకించారు" అన్న ఒక్క ముక్కలో కలిసిపోతుంది.

అదే మాటను ఇలా రాయొచ్చు.

"క్లాజు 20. నేను ఫలానా జిల్లాలో ఇద్దరు సహాయకులతో యూట్యూబ్ వార్తా చానెల్ నడుపుతున్నాను. నెల ఆదాయం ఇంత. ఖర్చు ఇంత. ఈ క్లాజులో 'వృత్తిగా, వ్యాపారంగా' అన్నదానికి ఆదాయ పరిమితి గానీ, సిబ్బంది పరిమితి గానీ లేదు. కాబట్టి వేల మంది ఉద్యోగులున్న చానెల్‌కూ నాకూ ఒకే బాధ్యత పడుతుంది. పాటించాల్సిన ప్రోగ్రామ్ కోడ్‌ను ముసాయిదాతో జతచేయలేదు కనుక నా ఖర్చు ఎంత పెరుగుతుందో లెక్క వేసుకునే వీలు లేదు. నా కోరిక: ఒకటి, ఫలానా వార్షిక ఆదాయం లోపు ఉన్నవారిని ఈ క్లాజు నుంచి మినహాయిస్తూ ఒక ఉపక్లాజు చేర్చాలి. రెండు, ప్రోగ్రామ్ కోడ్ ముసాయిదాను బిల్లుతో పాటే ప్రచురించి, దాని మీద కూడా 30 రోజులు అభిప్రాయాలు తీసుకోవాలి."

ఇందులో గొంతు పెంచింది ఎక్కడా లేదు. కానీ దీన్ని పక్కన పెట్టాలంటే అధికారి కారణం వెతుక్కోవాలి. ఏ క్లాజు, మీకు జరిగే నష్టం ఏమిటి, దాని బదులు ఏ మాటలు ఉండాలి. ఈ మూడూ ఉన్న పేరా ఒక్కటి రాసినా చాలు. పది క్లాజుల మీద రాయాలని కూర్చుని ఏదీ పూర్తిచేయకపోవడం కంటే, మీ పొట్ట మీద కొట్టే ఒక్క క్లాజు మీద గట్టిగా రాయడం నయం.

లెక్కలు వేసి చూపించండి. 2025 అక్టోబర్ 22న కృత్రిమ మేధతో చేసిన కంటెంట్‌కు లేబుల్ ఉండాలంటూ ఐటీ నిబంధనల సవరణ ముసాయిదా వచ్చింది. వీడియో అయితే తెరలో కనీసం 10 శాతం మేర లేబుల్ కనపడాలి, ఆడియో అయితే మొదటి 10 శాతం నిడివిలో వినిపించాలి అన్నారు. కాగితం మీద 10 శాతం చిన్నదిగానే కనిపిస్తుంది. అరగంట ఆడియోకు లెక్కేయండి: మొదటి 3 నిమిషాలు లేబుల్ ప్రకటనకే పోతాయి. డబ్బింగ్‌లో గొంతు శుభ్రం చేయడానికి ఏఐ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల పరిస్థితి ఏమిటి? ఫోన్ తెర మీద నిలువు వీడియోలో పదో వంతు లేబులే ఉంటే కింద తెలుగు సబ్‌టైటిల్ ఎక్కడ పెట్టాలి? ఇలాంటి ప్రశ్నలు ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లకే తడతాయి. 2026 ఫిబ్రవరిలో వచ్చిన తుది నిబంధనల్లో ఆ 10 శాతం కొలత లేదు. అయితే అదే తుది ప్రతిలో, ఆదేశం వచ్చిన కంటెంట్‌ను తొలగించడానికి 36 గంటలున్న గడువును 3 గంటలకు తగ్గించారు. ఆ సంగతి ముసాయిదాలో లేదు. సాధించినదాన్నీ చూడాలి, వెనక నుంచి వచ్చి చేరినదాన్నీ చూడాలి.

చట్టం తెలిసినట్టు రాయాలన్న టెన్షన్ వద్దు. ఒక్క ఆధారం గుర్తుపెట్టుకుంటే చాలా దూరం వస్తుంది. రాజ్యాంగం 19వ అధికరణంలో రెండో క్లాజు భావప్రకటనా స్వేచ్ఛకు ఏ కారణాల మీద పరిమితులు పెట్టొచ్చో వరసగా చెబుతుంది. దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపించడం. ముసాయిదాలోని ఆంక్ష ఈ జాబితాలో దేని కిందికి వస్తుందో చూడండి. దేని కిందికీ రాకపోతే ఆ మాటే రాయండి. "అభ్యంతరకరమైన", "తప్పుదోవ పట్టించే" లాంటి కొలత లేని మాటలు ఉంటే, వాటిని ఎవరు ఎలా నిర్ణయిస్తారని అడగండి.

బిల్లులో బాగున్నది ఉంటే బాగుందనే రాయండి. వినికిడి లోపం ఉన్నవాళ్లకు సబ్‌టైటిళ్లు, సంజ్ఞా భాష ఉండాలన్నది ప్రసార బిల్లులో మంచి ఆలోచనే. తుది ప్రతి తయారయ్యేటప్పుడు, ఎవరూ అడగలేదన్న కారణంతో మంచివి కూడా జారిపోతాయి.

ఇక ఎవరో రాసిచ్చిన ఉత్తరాన్ని వేల మంది ఫార్వర్డ్ చేయడం గురించి. అన్ని వెబ్‌సైట్లనూ ఒకేలా అందించాలన్న ఇంటర్నెట్ సమానత్వం గొడవ అందరికీ గుర్తుండే ఉంటుంది. 2015 డిసెంబర్‌లో డేటా ధరల మీద ట్రాయ్ చర్చాపత్రం వేస్తే 24 లక్షలకు పైగా స్పందనలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా ఇచ్చే తన ఫ్రీ బేసిక్స్ పథకం కోసం ఫేస్‌బుక్ తయారుచేసి పెట్టిన ఒకే మూస ఉత్తరం. తాము అడిగిన ప్రశ్నలకు ఆ ఉత్తరంలో జవాబు లేదని ట్రాయ్ అభ్యంతరం చెప్పింది. 2016 ఫిబ్రవరి 8న వచ్చిన నిర్ణయం ఫ్రీ బేసిక్స్‌కు వ్యతిరేకంగానే వచ్చింది. సంఖ్యకు విలువ లేదని కాదు. అంతకుముందు 2015 మార్చిలో ట్రాయ్ వేసిన ఇంకో పత్రానికి జనం పంపిన పది లక్షలకు పైగా ఈమెయిళ్లే ఈ సమస్యను దేశమంతా చర్చించేలా చేశాయి. సంఘం తరఫున పంపేటప్పుడు పై భాగం ఒకేలా ఉంచి, కింద ఎవరికి వాళ్లు తమ పని గురించి నాలుగు వాక్యాలు సొంతంగా రాసేలా చూడండి.

ఏ భాషలో

తెలుగులో రాస్తే తీసుకుంటారా అన్నది మనవాళ్ల మొదటి సందేహం. కష్టాన్ని చెప్పుకుంటూ ప్రభుత్వానికి పెట్టుకునే విజ్ఞాపనను దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకోవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. పార్లమెంటు కమిటీలు మాత్రం తమ ప్రకటనల్లో ఇంగ్లిష్ లేదా హిందీలో పంపమంటాయి. కాబట్టి నా సలహా: ముందు తెలుగులోనే రాయండి. మీ నష్టాన్ని మీరు నిజంగా చెప్పగలిగేది ఆ భాషలోనే. తర్వాత ఇంగ్లిష్ చేయించి రెండూ కలిపి పంపండి. అనువాదానికి యంత్రాన్ని వాడుకున్నా ఫర్వాలేదు కానీ, క్లాజు నంబర్లు, "చేయాలి", "చేయవచ్చు" లాంటి క్రియలు సరిగ్గా వచ్చాయో లేదో ఇంగ్లిష్ బాగా వచ్చిన ఒకరితో చూపించుకోండి. బిల్లుల్లో ఆ రెండు క్రియల మధ్య తేడా మీద కేసులు నడుస్తాయి.

ముసాయిదాల తెలుగు అనువాదం కావాలని కూడా ప్రతి ఉత్తరంలో అడుగుతూ ఉండండి. 30 రోజుల గడువులో పది రోజులు అర్థం చేసుకోవడానికే పోతుంటే అది సమాన అవకాశం కాదు.

పంపేటప్పుడు

నోటీసులో చెప్పిన రూపంలోనే పంపండి. క్లాజులవారీగా పట్టిక అడిగితే పట్టిక, మైగవ్ ఫారం అయితే ఫారం. సబ్జెక్ట్‌లో ముసాయిదా పేరు, తేదీ రాయండి. ఈమెయిల్ అయితే మీకే ఒక కాపీ వచ్చేలా పెట్టుకోండి. ఫారం అయితే "సమర్పించాం" అని వచ్చిన తెరను ఫొటో తీసుకోండి. చివరిరోజు సాయంత్రం దాకా ఆగొద్దు. గడువు పెంచుతారులే అన్న నమ్మకంతో ఉండొద్దు, అన్నిసార్లూ పెంచరు. సినిమాటోగ్రాఫ్ సవరణ ముసాయిదా 2021 జూన్ 18న వస్తే గడువు జూలై 2. రెండు వారాలు!

మీరు పంపింది జనానికి కనపడుతుందా లేదా అన్నది ముందే తెలుసుకోండి. 2015 ఏప్రిల్‌లో ట్రాయ్ తనకు వచ్చిన పది లక్షల ఈమెయిళ్లను పంపినవాళ్ల ఈమెయిల్ అడ్రసులతో సహా వెబ్‌సైట్‌లో పెట్టేసింది. ఆధార్ నంబరు, ఇంటి చిరునామా, మీకు సమాచారం ఇచ్చేవాళ్ల పేర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకండి. పేరు, ఊరు, చేసే పని చాలు. పేరు బయటపడితే ఉద్యోగానికి ఇబ్బంది అనుకునే స్ట్రింగర్లు సంఘం లెటర్‌హెడ్ మీద పంపడం క్షేమం. దీనికి పూర్తి విరుద్ధమైన సందర్భమూ ఉంది. డేటా రక్షణ నిబంధనల ముసాయిదా 2025 జనవరి 3న వేసినప్పుడు, వచ్చిన అభిప్రాయాలను ఎవరికీ వెల్లడించబోమని, చివర్లో సారాంశం మాత్రమే ఇస్తామని ముందే చెప్పారు. అలాంటప్పుడు మీది మీరే బయటపెట్టండి. పత్రికకు ఇవ్వండి, మీ చానెల్‌లో చదవండి. ఎవరేమన్నారో జనానికి తెలియకపోతే, తర్వాత శాఖ ఏమన్నా నమ్మాల్సిందే అవుతుంది.

గడువు ముగిశాక

పంపేశాం కదా అని మర్చిపోవద్దు. రెండు నెలలు ఆగి ఆర్టీఐ వేయండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు, దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు. ఇలా అడగండి: "ఫలానా ముసాయిదాపై మొత్తం ఎన్ని అభిప్రాయాలు వచ్చాయి? 2014 సంప్రదింపుల విధానం ప్రకారం తయారుచేయాల్సిన సారాంశం ప్రతి ఇవ్వండి. అది వెబ్‌సైట్‌లో ఏ తేదీన పెట్టారు? పెట్టకపోతే కారణం నమోదైన ఫైలు నోటు ప్రతి ఇవ్వండి." కేబినెట్ పత్రాలని చెప్పి ఆర్టీఐ చట్టం 8వ సెక్షన్ కింద తిరస్కరించవచ్చు. నిర్ణయం అయిపోయాక దానికి కారణాలను వెల్లడించాలని ఆ సెక్షనే చెబుతుంది కాబట్టి, చట్టం వచ్చాక మళ్లీ వేయండి. మొదటి అప్పీలుకు 30 రోజుల గడువు ఉంటుంది.

సంప్రదింపులతో ఏమీ కాదనేవాళ్లకు రెండు ఉదాహరణలు చెబుతాను. 2021 సినిమాటోగ్రాఫ్ ముసాయిదాలో, సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిన సినిమాను కూడా మళ్లీ పరిశీలించమని ఆదేశించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. దేశమంతటా సినిమావాళ్లు ఆ ఒక్క క్లాజును పట్టుకుని రాశారు. 2023లో పాసైన చట్టంలో అది లేదు. 2019 నవంబర్‌లో వచ్చిన పత్రికల రిజిస్ట్రేషన్ ముసాయిదాలో డిజిటల్ వార్తా సంస్థలనూ రిజిస్టర్ చేసుకోమన్నారు. 1867 నాటి చట్టం స్థానంలో 2023లో వచ్చిన చట్టంలో ఆ నిబంధన కనిపించదు. రెండింట్లోనూ పట్టుబట్టింది ఒక ఫలానా క్లాజు మీద.

బిల్లు పార్లమెంటుకు వెళ్తే

కమ్యూనికేషన్లు, ఐటీ స్థాయీ సంఘానికి బిల్లు వెళ్తే మీకు ఇంకో అవకాశం వచ్చినట్టే. కమిటీ పత్రికల్లో ప్రకటన ఇచ్చి విజ్ఞాపనలు అడుగుతుంది. స్వయంగా వచ్చి మాట్లాడాలని ఉంటే ఆ సంగతి విజ్ఞాపనలోనే రాయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: కమిటీకి ఇచ్చిన విజ్ఞాపన కమిటీ రికార్డు అవుతుంది, దాన్ని బయట పంచిపెడితే సభాహక్కుల ఉల్లంఘన కింద చూస్తారు. మంత్రిత్వ శాఖకు పంపినదాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చు, కమిటీకి ఇచ్చినదాన్ని పెట్టకూడదు.

అయితే కమిటీ ఉంటుందని ధీమాగా ఉండొద్దు. డేటా రక్షణ బిల్లును 2023 ఆగస్టు 3న లోక్‌సభలో పెట్టారు, 9వ తేదీకల్లా రెండు సభల్లోనూ పాసైపోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో టెలికాం బిల్లుకు నాలుగు రోజులు పట్టింది. అంత తక్కువ సమయంలో పనికొచ్చేది మీ ఎంపీ ఒక్కరే. ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది లోక్‌సభ సభ్యులున్నారు. రాజ్యసభలో 11, 7. ఎంపీ సవరణ ప్రతిపాదించాలంటే రెడీగా రాసిన వాక్యం కావాలి. మీరు శాఖకు పంపిన పేరాలో చివరి భాగం, అంటే ఏ మాటలు చేర్చాలన్నది, ఒకే పేజీలో టైపు చేసి ఎంపీ ఆఫీసులో పీఏ చేతికి ఇవ్వండి. 12 పేజీల విజ్ఞాపన ఇస్తే అది టేబుల్ మీదే ఉంటుంది.

రాష్ట్రంలో అయితే

2014 విధానం కేంద్ర మంత్రిత్వ శాఖలకే. రాష్ట్రాల్లో మీడియాను తాకే నిర్ణయాలు చాలావరకు జీఓల రూపంలో వస్తాయి, వాటికి ముసాయిదా దశే ఉండదు. 2019 అక్టోబర్ 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 2430 జీఓ అలాంటిదే. తప్పుడు, పరువు తీసే వార్తలు రాసిన మీడియా మీద ఫిర్యాదు చేసే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. విలేకరులు అభ్యంతరం చెప్పే వీలు జీఓ వచ్చాకే దొరికింది.

అయినా ఇక్కడా ఒక పట్టు ఉంది. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలను రూపొందించేటప్పుడే సంబంధిత సమాచారం ప్రచురించాలని ఆర్టీఐ చట్టం 4వ సెక్షన్ చెబుతుంది. అది రాష్ట్రాలకూ వర్తిస్తుంది. అక్రెడిటేషన్ నిబంధనలు మారుస్తున్నారని, ప్రకటనల విధానం మారుస్తున్నారని విన్న వెంటనే, జీఓ రాకముందే ఆ సెక్షన్ పేరు చెప్పి సమాచార పౌరసంబంధాల శాఖకు ఉత్తరం రాయండి. ముసాయిదా ఇవ్వమని, జర్నలిస్టు సంఘాలను, సంఘాల్లో లేని చిన్న విలేకరులను కూడా పిలిచి మాట్లాడమని అడగండి. హైదరాబాద్‌లో ఇది కొత్తేమీ కాదు. 2018 జనవరిలో శ్రీకృష్ణ కమిటీ డేటా రక్షణ మీద బహిరంగ సంప్రదింపులకు ఇక్కడికి వచ్చి జనం మాట విని వెళ్లింది. ఢిల్లీ నుంచి వచ్చి వినగలిగినప్పుడు సచివాలయం నుంచి వినడం కష్టం కాదు.

చట్టం పాసైపోయినా మీ ఫైలు మూసేయకండి. దాని కింద నిబంధనలు వస్తాయి, మీరు పెన్సిల్‌తో గీత గీసిన "నిర్దేశించిన విధంగా" అన్న చోట్లన్నీ అప్పుడే నిండుతాయి. ఆ నిబంధనలను సభలు జరిగే కాలంలో మొత్తం 30 రోజులు పార్లమెంటు ముందు ఉంచుతారు, ఆ తర్వాతి సమావేశాలు ముగిసేలోపు ఏ సభ్యుడైనా సవరణకు తీర్మానం ఇవ్వొచ్చు. గీతలు గీసిన ఆ పాత ప్రతిని తీసి, ప్రతి గీతకూ ఎదురుగా కొత్త నిబంధన నంబరు వేసుకుంటూ మళ్లీ చదవడం మొదలుపెట్టండి.